నాలుగు పేర్లు, ఒక చిరునామా

సెట్టు వేసి తీసిన సినిమా ప్రేక్షకులకు ఏ హామీ ఇవ్వదు. చెక్కలు, అట్టలు పెట్టి కట్టిన వీధిలో ఎవరున్నారు, ఎవరు లేరు అని మనం అడగం. కానీ ఒక సినిమా ఫలానా పేటలో, ఆ పేట మనుషులతోనే, వాళ్ల ఇళ్ల ముందే తీశామని చెప్పుకుని, ఆ పేట పేరునే తన పేరుగా పెట్టుకున్నప్పుడు మనకు ఒక మాట ఇస్తున్నట్టే. ‘ఇక్కడ ఇలాగే ఉంది, మేం చూసి చెబుతున్నాం’ అన్న మాట అది. కథ చెప్పేవాళ్లకు ఉండే వెసులుబాటు సాక్ష్యం చెప్పేవాళ్లకు ఉండదు. మరి కథే సాక్ష్యంగా మన ముందుకు వస్తే? అది చెప్పినవాటికే కాక, చెప్పకుండా వదిలేసినవాటికి కూడా జవాబు అడగొచ్చా? 2018 సెప్టెంబరు 7న విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ నా ముందు పెట్టిన ప్రశ్న ఇది. ఇష్టపడి చూసిన సినిమా కాబట్టే ఈ ప్రశ్నను పక్కన పెట్టలేకపోతున్నాను.

ఆ ఇష్టానికి కారణాలున్నాయి. వెంకటేశ్ మహాకు దర్శకుడిగా అది మొదటి సినిమా. విశాఖపట్నంలోని కంచరపాలెం వీధుల్లో, ఎనభై మందికి పైగా స్థానికులతో తీశారు. అందులో ఎక్కువమందికి నటన వృత్తి కాదు. తెలుగు సినిమాకు విశాఖ కొత్తదేమీ కాదు. ‘మరో చరిత్ర’ (1978) ప్రేమికులు తిరిగింది విశాఖ, భీమిలి తీరాల్లోనే. జంధ్యాల తన హాస్యచిత్రాలు ఎన్నింటినో ఆ ఊళ్లోనే తీశారు. అయితే ఆ సినిమాల విశాఖ సముద్రం విశాఖ, కొండవాలు విశాఖ, ఉద్యోగస్తుల డాబా ఇళ్ల విశాఖ. రైలుపట్టాల పక్కన, ఇరుకు సందుల్లో, చిన్నాచితకా పనుల మీద బతికే విశాఖ ఒకటుందని, దానికీ ప్రేమకథలు ఉంటాయని చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

పరకాలలో కూర్చుని చూసిన నాకు అది పరాయి ఊరిలా అనిపించలేదు. మా పరకాల పేరు చెబితే చరిత్ర చదివినవాళ్లకు 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద జరిగిన కాల్పులు గుర్తొస్తాయి. ఆ అమరుల కోసం 2003లో కట్టిన అమరధామం గుర్తొస్తుంది. సినిమాలకు మాత్రం ఇలాంటి ఊళ్లు గుర్తురావు. వచ్చినా తెలంగాణ మాట విలన్ నోట్లోనో, కమెడియన్ నోట్లోనో పడేది. ఉత్తరాంధ్ర మాటకూ అదే గతి. అందుకే ఉత్తరాంధ్ర యాస ఒక అటెండరు ప్రేమను, ఒక వైన్‌షాపు కుర్రాడి దిగులును ఏ వెటకారమూ లేకుండా మోస్తుంటే సంతోషమేసింది. ఇంతకాలం పక్కకు నెట్టేసిన ఒక పేటకు తెర మీద చిరునామా దొరికింది అనుకున్నాను. ఆ తర్వాతే మరో ఆలోచన వచ్చింది: చిరునామా దొరికింది ఎవరికి?

కథ చాలామందికి తెలిసిందే. నలభై తొమ్మిదేళ్ల రాజు ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. పెళ్లి కాలేదు. ఒడిశా నుంచి ఆ ఆఫీసుకు అధికారిగా వచ్చిన రాధకు నలభై రెండేళ్లు. భర్త చనిపోయారు, ఎదిగిన కూతురుంది. వీళ్ల కథతో పాటే మరో మూడు కథలు నడుస్తుంటాయి. బడిలో సుందరం, సునీత. ఒక దాదా దగ్గర పనిచేసే జోసెఫ్, బ్రాహ్మణుల అమ్మాయి భార్గవి. వైన్‌షాపులో పనిచేసే గడ్డం, ముఖానికి ముసుగుతో అక్కడికి మందు కొనడానికి వచ్చే సలీమా. నాలుగు కథలూ ఒకే కాలంలో జరుగుతున్నాయని అనుకుంటూ చూస్తాం. చివరికొచ్చాక తెలుస్తుంది, సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు వేరువేరు మనుషులు కాదని. ఒకే మనిషి బతుకులోని నాలుగు దశలవి.

ఆ మలుపు దగ్గర హాలంతా చప్పట్లు కొడుతుంది. నేనూ కొట్టాను. అయితే అది మలుపుగా ఎలా పనిచేస్తోందో చూడండి. అతని పేరు మారింది, వయసు మారింది, చేసే పని మారింది. ఊరు మాత్రం మారలేదు. అన్ని పేర్లు మార్చుకున్నా అతను కంచరపాలెం వాడే. ఆ పేట అతన్ని ఒక్కసారి కూడా ‘నువ్వెవరివి’ అని అడగదు. ఇప్పుడు స్త్రీల వైపు చూద్దాం. సునీతను తండ్రి దూరంగా పంపేస్తాడు. భార్గవికి ఇంట్లోవాళ్లు వేరే పెళ్లి చేస్తారు. సలీమాకు ప్రాణమే లేకుండా పోతుంది. వాళ్ల పేర్లు మారలేదు. తలా ఒక పేరుతో వచ్చి, ఆ పేరుతోనే కథలోంచి, వీధిలోంచి కూడా వెళ్లిపోయారు. పురుషుడికి నాలుగు పేర్లు, ఒక చిరునామా. స్త్రీలకు తలా ఒక పేరు. చిరునామా లేదు.

దీనికి వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. ‘ఉన్నదే చూపించారు కదా. ఆడపిల్లలను పంపించేయడం, పెళ్లి చేసి సాగనంపడం, చంపడం నిజంగా జరుగుతున్నవే. నిజమైన చోట నిజమైన కథ తీస్తే ఇలాగే ఉంటుంది.’ ఈ జవాబును తేలిగ్గా కొట్టిపారేయకూడదు. సినిమా ఈ నష్టాలను వేడుక చేయలేదు. ఆ తండ్రుల వైపు నిలబడలేదు. కులం, మతం, పరువు ఎలా ప్రేమను నలిపేస్తాయో నెమ్మదిగా, కోపం లేకుండా చూపించింది. స్త్రీ పాత్రలు కూడా బొమ్మలు కావు. సలీమా తన బతుకుదెరువు ఏమిటో దాచుకోదు. రాధ తన ఇష్టాన్ని తానే గుర్తిస్తుంది. ఆమె వైపు నుంచి అభ్యంతరం వస్తే కూతురే అండగా నిలుస్తుంది. మన సినిమాల్లో నలభై దాటిన వితంతువుకు ఇంత గౌరవం దొరకడం అరుదు.

అయినా ‘ఉన్నదే చూపించాం’ అనే మాటలో ఒక మెలిక ఉంది. వీధి రోజంతా ఒకేలా ఉండదు. పత్తి ఏరే రోజుల్లో తెల్లవారకముందే మా పరకాల రోడ్డు మీద సద్దిగిన్నెలు పట్టుకుని ఆటోల కోసం నిలబడేది ఆడవాళ్లే. ఆ గంటలో ఆ రోడ్డు వాళ్లది. వాళ్ల నవ్వులు, తిట్లు, కూలి రేటు మీద బేరాలు అక్కడే సాగుతాయి. సాయంత్రం అదే చోటికి వెళ్తే చాయ్ హోటల్, పాన్ డబ్బా, వైన్‌షాపు కనిపిస్తాయి. అప్పుడు అది పూర్తిగా మగవాళ్ల రోడ్డు. రెండూ నిజమే. కెమెరా పొద్దున నాలుగింటికి నిలబడితే ఒక ఊరు కనిపిస్తుంది, సాయంత్రం ఏడింటికి నిలబడితే మరో ఊరు. అంటే నిజమైన చోటును ఎంచుకున్నంత మాత్రాన ఎంపిక అయిపోయినట్టు కాదు. ఏ గంట, ఏ గడప, ఎవరి కళ్లు అనే ఎంపికలు ఇంకా మిగిలే ఉంటాయి. సెట్టు వేస్తే ఆ ఎంపిక దర్శకుడిదని అందరికీ తెలుస్తుంది. నిజమైన వీధిలో తీస్తే అదే ఎంపిక వీధి స్వభావంలా కనిపిస్తుంది. సహజత్వానికి ఉన్న శక్తి అది. ప్రమాదం కూడా అదే.

వీధికీ స్త్రీలకూ ఉన్న ఈ లెక్కను ముంబయి నగరం ఆధారంగా శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో వచ్చిన తమ పుస్తకం ‘వై లాయిటర్?’లో చర్చించారు. బయట కనిపించే స్త్రీ తనకు అక్కడ ఏదో పని ఉందని నిరూపించుకుంటూ ఉండాలి. ఊరికే నిలబడే హక్కు ఆమెకు లేదు. ఈ చూపుతో కంచరపాలెం స్త్రీలను చూస్తే ఒక్కొక్కరు అక్కడ ఎందుకున్నారో అర్థమవుతుంది. సునీత బడికి వచ్చింది కాబట్టి ఉంది. రాధ చేతిలో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ఉంది. సలీమా దగ్గర సీసాకు డబ్బుంది, ముఖం మీద ముసుగుంది. రాజు మాత్రం ఊరికే ఉండగలడు. పట్టాల పక్కన, అరుగు మీద, స్నేహితుల మధ్య ఏ కారణమూ లేకుండా కూర్చోగలడు. అలా ఊరికే కూర్చోగలగడంలోంచే అతని హాస్యం పుడుతుంది. ఆ పేటతో అతని బంధమూ అందులోంచే పుడుతుంది.

హాస్యం గురించి కూడా మాట్లాడుకోవాలి. యాభైకి దగ్గరపడినా పెళ్లికాని రాజు గురించి పేటంతా గుసగుసలాడుతుంది. మనం నవ్వుతాం. ఆ నవ్వులో ద్వేషం లేదు, మనవాడే అనే చనువుంది. అతన్ని ఏడిపించేవాళ్లే అతని పెళ్లికి సంబరపడతారు. ఇప్పుడు అదే పేటలో, అదే వయసులో పెళ్లికాని స్త్రీని ఊహించండి. ఆమె మీద ఇలాంటి హాస్యం పుడుతుందా? ఆమె గురించి కూడా మాట్లాడుకుంటారు. అయితే ‘పాపం’ అంటారు, లేదంటే ‘ఏదో ఉంటుంది’ అంటారు. జాలికీ అనుమానానికీ మధ్య నవ్వుకు చోటు దొరకదు. చనువుగా నవ్వించుకోగలగడం కూడా ఒక హక్కేనని, అది ఊళ్లో స్థిరమైన చోటున్నవాళ్లకే దొరుకుతుందని ఈ సినిమా తనకు తెలియకుండానే రుజువు చేసింది. పెళ్లికాని మగవాడి కథ ఆహ్లాదంగా నడిచే సినిమా అవుతుంది. పెళ్లికాని స్త్రీ కథ సమస్య అవుతుంది, లేదా హెచ్చరిక అవుతుంది.

ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. పీహెచ్.డి. అయ్యాక ఉద్యోగం కోసం హనుమకొండలో అద్దె ఇల్లు వెతుక్కున్నాను. ఇంటావిడ అడిగిన మొదటి ప్రశ్న “మీ సారు ఏం జేస్తరు మేడమ్?” సారు లేడన్నాను. “మరి మీతోని ఎవరుంటరు?” అమ్మ వస్తూ పోతూ ఉంటుందన్నాను. ఆమె మంచి మనిషి, నీళ్లిచ్చి కూర్చోబెట్టింది. చాలాసేపు ఆలోచించి, “మీ బాపును ఒక్కసారి రమ్మనుండ్రి” అంది. నాన్న పరకాల నుంచి బస్సెక్కి వచ్చి సంతకం పెట్టాడు. అద్దె కట్టింది నేను. ఒప్పంద పత్రంలో కిరాయిదారు ఆయన. ఆ ఇంటికి నాకు వచ్చే పుస్తకాల పార్శిళ్ల మీద కూడా చాలాకాలం నాన్న పేరు కింద నా పేరు ఉండేది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన ఆయన ఆ ఇంట్లో ఉన్నది మొత్తం మీద పది రోజులు ఉండదు. అయినా ఆ చిరునామా ఆయనదే.

‘కేరాఫ్’ అనే మాటను మనం ఇంగ్లిషు నుంచి తెచ్చుకుని ఎంత సొంతం చేసుకున్నామో! ఉత్తరాల కాలంలో ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్ల పేరు కింద ఊరివాళ్ల పేరు రాసేవాళ్లు. ఉత్తరం చేరాలంటే పోస్ట్‌మ్యాన్‌కు తెలిసిన పేరు ఒకటి కావాలి. ఆడవాళ్లకు మాత్రం అది జీవితాంతం ఉండే ఏర్పాటు. కొన్నేళ్లుగా కొత్తగా ఇస్తున్న ఆధార్ కార్డుల్లో ‘డాటర్ ఆఫ్’, ‘వైఫ్ ఆఫ్’ అన్నవాటి స్థానంలో ‘కేరాఫ్’ వస్తోంది. బంధుత్వాన్ని బయటపెట్టకుండా ఉండటానికి వచ్చిన మార్పు కావచ్చు, మంచిదే. అయినా ఆ కేరాఫ్ పక్కన ఇప్పటికీ తండ్రి పేరో, భర్త పేరో ఉంటుంది. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు తన పేరే మరిచిపోయి వెతుక్కుంటూ బయల్దేరుతుంది. పేరు పోవడం గురించి మన సాహిత్యం అంత పదునుగా మాట్లాడింది. చిరునామా పోవడం గురించి ఇంకా మాట్లాడాల్సింది చాలా ఉంది. ఎందుకంటే అది పోవడం కాదు, చాలామందికి అసలు ఎప్పుడూ లేకపోవడం.

ఈ విషయంలో 2004లో వచ్చిన శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ను పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. అదీ సహజమైన చోట తీసిన సినిమాగానే పేరు తెచ్చుకుంది. సికింద్రాబాద్ పద్మారావునగర్ ఇళ్లు, చెట్లు, వాన అందులో పాత్రల్లాగే ఉంటాయి. తల్లిదండ్రులను పోగొట్టుకున్న రూప ఒంటరిగా ఉంటుంది, ఉద్యోగం చేస్తుంది. పెళ్లిరోజున తన తల్లి చీర దగ్గర వచ్చిన పట్టింపులో ఆత్మగౌరవం కోసం పెళ్లినే కాదనుకుంటుంది. ఆమెను ఇష్టపడిన డబ్బున్న కుర్రాడు ఆమె ఉన్న చోటికే వచ్చి అద్దెకు దిగుతాడు. ఇక్కడ చిరునామా ఆమెది. వచ్చి చేరినవాడు అతను. అంటే నిజమైన ఊళ్లో తీసిన ప్రతి సినిమా స్త్రీని దారినపోయే మనిషిగానే చూపాలన్న నియమం ఏదీ లేదు.

అలాగని రూపను ఆదర్శంగా చూపించి ఊరుకుంటే మరో నిజాన్ని దాచినట్టవుతుంది. రూపకు చిరునామా దొరికింది చదువు, ఇల్లు ఉన్న మధ్యతరగతి కాలనీలో. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా తెచ్చింది, అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మినహాయించి. దేశమంతటికీ అలాంటి సవరణ 2005లో వచ్చింది. పంచుకోవడానికి ఏదో ఒకటి ఉన్న కుటుంబాల కూతుళ్లకే ఆ చట్టం ఉపయోగం. సలీమాకు ఏ చట్టం ప్రకారం ఏ ఇల్లు వస్తుంది? ఒక పాలెంలో, ఒక బస్తీలో స్త్రీకి చిరునామా అంటే ఆస్తి ఒక్కటే కాదు. వీధి ఆమెను తన మనిషిగా ఒప్పుకోవడం అది. ‘ఆనంద్’ ఆ ప్రశ్న దగ్గరకు వెళ్లలేదు. ‘కంచరపాలెం’ దాని గుమ్మం దాకా వెళ్లి సలీమాను పోగొట్టుకుంది.

మా ప్రాంతం నుంచి వచ్చిన ‘బలగం’ (2023) కూడా ఇదే గుమ్మం దగ్గర ఆగింది. వేణు ఎల్దండి సిరిసిల్ల వైపు పల్లెలో తీసిన ఆ సినిమాను ఊళ్లకు ఊళ్లు తెర కట్టుకుని చూశాయి. మా వరంగల్ జిల్లా దుగ్గొండి వైపు కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ చివర్లో పాట ఎత్తుకుంటే ఏడవనివాళ్లు లేరు. 2024 డిసెంబరులో మొగిలయ్య చనిపోయినప్పుడు మళ్లీ అందరూ ఆ పాటనే తలుచుకున్నారు. ఆ సినిమాలో గొడవ ఒక నల్లిబొక్క మీద, బావకూ బావమరిదికీ మధ్య. దానికి ఇరవై ఏళ్లు పుట్టిల్లు పోగొట్టుకున్నది లక్ష్మి. పుట్టిన ఊళ్లోకి తండ్రి చావుకు చుట్టంలా వచ్చిన కూతురు ఆమె. ఆమె ఏడుపులో మా ఊళ్లలోని ప్రతి స్త్రీ తన ఏడుపును విన్నది. అయితే పోయిన ఇరవై ఏళ్లకు జవాబు ఎవరు చెప్పాలని ఆమె ఎవరినీ అడగదు. మగవాళ్లు కలిసిపోతే చాలు, లెక్క తీరిపోయినట్టే.

‘కంచరపాలెం’ దగ్గరకే మళ్లీ వస్తే, ఆ సినిమా పుట్టుకలో ఒక విచిత్రం ఉంది. డబ్బు పెట్టి దాన్ని సాధ్యం చేసింది అమెరికాలో గుండె వైద్యురాలైన పరుచూరి ప్రవీణ. సలీమాగా నటించింది కూడా ఆమే. ఆ సినిమా ఆర్థికంగా ఆమె చిరునామా మీద నిలబడింది. తెర మీద మాత్రం తన సంపాదన మీద తాను బతికే ఆ స్త్రీ చివరిదాకా మిగలదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కథలు అలవాటుగా ఎటు జారతాయో తెలియజెప్పే విషయంగా మాత్రమే దీన్ని చూస్తున్నాను. ఆ కథ 2021లో తమిళంలోకి ‘కేరాఫ్ కాదల్’గా వెళ్లింది. పేట పేరు పోయి ఆ స్థానంలో ప్రేమ అనే మాట వచ్చింది. ఊరు పేరు తీసేసినా కథ నిలిచిందంటే దాని ఎముక ఊరు కాదు, ఒక పురుషుడి జీవితం అన్నమాట.

అందుకని మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. నిజమైన చోట సినిమా తీయడం కళాపరమైన నిర్ణయంతో ఆగదు, అది నైతికమైన ఒప్పందం కూడా. ఒక పేట తన వీధుల్ని, ముఖాల్ని, మాటను అప్పుగా ఇస్తుంది. ఆ అప్పు పేటలోని మగవాళ్లు ఒక్కరే ఇచ్చింది కాదు. కాబట్టి ‘నిజం’ అనే మాటను ఉపయోగించుకున్న సినిమాను, ఏ గంటలో నిజం, ఎవరి గడప దగ్గర నిజం అని అడిగే హక్కు మనకుంది. అలా అడగడం సినిమాను తక్కువ చేయడం కాదు. అబద్ధపు వీధులు కట్టే వంద సినిమాలను మనం ఈ ప్రశ్న అడగం. అడగదగిన సినిమా కాబట్టే అడుగుతున్నాం.

సినిమా పెళ్లితో ముగుస్తుంది. రాధ కంచరపాలెం కోడలవుతుంది. ఆఫీసులో రాజు ఇంకా ఆమె కింద అటెండరే. ఇంట్లో ఏమవుతాడు? మళ్లీ బదిలీ ఉత్తర్వు వస్తే ఎవరు ఎవరి వెంట వెళ్తారు? పుట్టినప్పటి నుంచి ఆ పేట దాటని రాజు ఒడిశాలో ఏదో ఊళ్లో, తన యాసను ఎవరూ గుర్తుపట్టని వీధిలో, రాధ గారి భర్తగా ఉండగలడా? అక్కడ అతనికి ఉత్తరం రాయాలంటే పైన ఏమని రాయాలి? నేను చూడాలనుకునే సినిమా అక్కడ మొదలవుతుంది. అది కూడా నవ్వించేదిగానే ఉండాలి.